పక్కన పెట్టిన గొంతు

మా వదినకు ఆఫీసులో పెట్టిన పేరు "ఒకవేళ". ఆవిడ నోరు తెరిస్తే మొదట వచ్చే మాట అదే. ఒకవేళ కరెంటు పోతే, ఒకవేళ డిస్కులో చోటు లేకపోతే, ఒకవేళ వాడేవాడు పని సగంలో వదిలేసి లేచిపోతే. ఇంట్లోనూ అంతే. తాళం వేసి నాలుగు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి, తాళం లాగి చూస్తుంది. గ్యాసు కట్టేశానా అని వీధి చివరి నుంచి వెనక్కి వస్తుంది. అనుమానం పెనుభూతం అంటారు గానీ, మా ఇంట్లో ఆ పెనుభూతమే ఇరవై ఏళ్ళుగా జీతం తెచ్చిపెడుతోంది.

నేను ఆవిడ ఆడపడుచును. ఆడబిడ్డ అర్ధమొగుడు అన్న సామెతను నిజం చేద్దామని వాళ్ళ పెళ్ళైన కొత్తలో గట్టిగానే ప్రయత్నించాను. సాగలేదు. నేను కోపంగా ఒక మాట అంటే, ఆవిడ "ఒకవేళ నువ్వన్నదే నిజమైతే" అని మొదలుపెట్టి, నా మాట గురించి నాకంటే లోతుగా ఆలోచించేది. అలాంటి మనిషితో ఎలా పోట్లాడాలో నాకు ఇప్పటికీ తెలియదు. నేను ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. అచ్చయ్యాక కంటబడే తప్పు మనిషిని ఎంత తింటుందో నాకు తెలుసు. ఆవిడ కథ చెప్పడానికి నాకున్న అర్హత అదొక్కటే.

ముందు ఆవిడ చేసే పని చెప్పాలి. ప్రోగ్రాములు రాసేవాళ్ళు రాసినదాన్ని రోజూ మారుస్తుంటారు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకుని, పోయిన నెల రాసినది అడిగినా తీసి ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది. వదిన కంపెనీ తయారుచేసేది అదే. దాని చుట్టూ చిల్లర పనులు చేసిపెట్టే స్క్రిప్టులు ముప్పై రెండు ఉన్నాయి. పదిహేడేళ్ళ కిందట వాటిని వదినే రాసింది. స్క్రిప్టును కంప్యూటరు ఒక్కొక్క వరసే చదువుకుంటూ, చదివినది చేస్తూ పోతుంది. రాయడం తేలిక, నడవడం నత్తనడక. వాటన్నిటినీ సి భాషలో తిరగరాయాలని పెద్దాయన తేల్చాడు. పెద్దాయన అంటే కంపెనీ యజమాని, వయసులో వదినకంటే చిన్నవాడే. సిలో రాసినదాన్ని ముందుగానే యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చి ఉంచుతారు కాబట్టి అది పరుగు పెడుతుంది.

ముప్పై ఒక్క స్క్రిప్టులను మిగతావాళ్ళు పంచుకున్నారు. ఒక్కదాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. దాని పేరు "పక్కన పెట్టు". చేతిలో ఒక పని సగం అయివుంటుంది, ఇంతలో ఇంకో పని మీద పడుతుంది. అప్పుడు ఆ సగం పనిని మూటగట్టి ఒక పక్కన పెట్టి, బల్ల శుభ్రంగా తుడిచి ఇవ్వడం దాని పని. మళ్ళీ అడిగితే మూట విప్పి ఇస్తుంది. మూట సరిగ్గా కట్టకుండా బల్ల తుడిచేస్తే మాత్రం అంతే సంగతులు, సగం పనికి ఇంకెక్కడా నకలు ఉండదు. మిగతా స్క్రిప్టులు తప్పు చేస్తే వాడేవాళ్ళు విసుక్కుంటారు. ఇది తప్పు చేస్తే వాళ్ళ పని పోతుంది.

"నేను రాసిందే కదా, నేనే తిరగరాస్తాను" అని వదిన మీటింగులో అనేసింది. ఇంటికొచ్చాక భోజనం ముందు కూర్చుని కలిపిన ముద్ద కలిపినట్టే ఉంచి లేచిపోయింది.

ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ ఆవిడ భయం మా అందరికీ అంటుకుంది. ఒకరోజు వాళ్ళ ఇంట్లో టీ తాగుతూ, ఒక చిన్న స్క్రిప్టుకు ఇంత గుండెదడ ఎందుకని అడిగాను.

"పాతదాంట్లో ఒక మెట్టు విరిగితే తరవాతి మెట్టు ఎక్కనిచ్చేది కాదు అమ్మాయ్. నా భయమంతా ఆ భాషే మోసేది" అంది వదిన. "సిలో అలా కాదు. ఒక్కో పనీ చేసి ఒక అంకె చేతిలో పెడుతుంది. సున్నా అయితే పనైనట్టు, ఇంకోటైతే కానట్టు. ఆ అంకె నేను చూస్తే చూసినట్టు. చూడలేదనుకో, అది నోరెత్తదు. తరవాతి పనికి వెళ్ళిపోతుంది."

"చూడు మరి. చూడ్డంలో నిన్ను మించినవాళ్ళెవరున్నారు?"

"అదే భయం. అన్నీ చూశానని అనుకుంటాను చూడు, అప్పుడు."

అన్నీ చూసింది. ప్రతి మెట్టు దగ్గరా "కాకపోతే ఆగిపో" అని రాసింది. రెండు వందల పద్నాలుగు పరీక్షలు పెట్టింది. మూట కడుతుండగా కరెంటు పోతే ఏమవుతుందో చూడాలని ఇంట్లో మెయిన్ స్విచ్చి కట్టేసింది. అన్నయ్య చూస్తున్న మ్యాచి ఆఖరి ఓవర్లో ఆగిపోయింది.

మా అన్నయ్య డ్రైవింగు నేర్పుతాడు. ఇరవై ఆరేళ్ళు పక్క సీట్లో కూర్చుని "క్లచ్ మెల్లగా వదలండి, మెల్లగా అన్నాను కదా" అని అరిచిన మనిషి. పోయిన ఏడాది గొంతు బొంగురుపోతే, ఈ బ్యాచివాళ్ళు మరీ చెవిటివాళ్ళని నవ్వి ఊరుకున్నాడు. రెండు నెలలైనా తగ్గలేదు. వదినే బలవంతాన డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. గొంతులో గడ్డ. స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. ఆరు వారాల తరవాత ఒక గురువారానికి ఆపరేషన్ పెట్టారు. ఆ తరవాత మనిషి ఉంటాడు, మాట ఉండదు.

మాటలు నేర్పే డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. గొంతు ఉన్నప్పుడే కావలసిన వాక్యాలన్నీ రికార్డు చేసుకోమంది. తరవాత పలక లాంటి ఒక యంత్రం ఇస్తారు. దాని మీద వాక్యాన్ని నొక్కితే మనిషి సొంత గొంతు వినిపిస్తుంది. వెయ్యిన్నూట ఇరవై వాక్యాల పట్టిక చేతికిచ్చింది. నీళ్ళు కావాలి. ఇక్కడ నొప్పిగా ఉంది. ఫోన్ పెట్టేయకండి, నేను యంత్రంతో మాట్లాడుతున్నాను. గదిలో గొంతు మారుమోగుతోందని అన్నయ్య బట్టల బీరువాలో తల దూర్చి, వేలాడే చొక్కాల మధ్య నిలబడి చదివేవాడు. నవ్వు వచ్చేది. ఆ వెంటనే, ఇంకెన్ని రోజులు అన్న లెక్క గుర్తొచ్చేది. అప్పుడు నేను ఏదో వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

ఆ రికార్డులు దాచడానికి వదిన తన సాఫ్ట్‌వేరే అన్నయ్య లాప్‌టాప్‌లో పెట్టింది. బాగా కుదిరిన వాక్యాలను శాశ్వతంగా దాచమని చెప్పింది. అన్నయ్య ఒక్కటీ దాచలేదు. "ఇంకా కుదరలేదు, రేపు ఇంకోసారి చెబుతా" అనేవాడు. మెలకువలు పూర్తిగా వచ్చేదాకా ఏ విద్యార్థికీ సంతకం పెట్టని మొండిమనిషి, తన గొంతుకు మాత్రం తేలిగ్గా పెడతాడా? సాయంత్రాలు అదే లాప్‌టాప్‌లో నేర్చుకునేవాళ్ళకు రోడ్డు గుర్తులు చూపించేవాడు. ఒకవేళ వాళ్ళ చెయ్యి తగిలి ఏదైనా చెరిగిపోతే అని వదినకు బెంగ. అందుకని రోజూ సాయంత్రం ఆ రికార్డులన్నిటినీ "పక్కన పెట్టు"తో మూటగట్టడం, పొద్దున్నే విప్పుకోవడం అలవాటు చేసింది. అలా ఆరు వారాల గొంతు సగం పనిగానే ఉండిపోయింది.

పాత స్క్రిప్టు ఆ మూట కట్టడానికి నాలుగు నిమిషాలు తీసుకునేది. ఆపరేషన్‌కు పది రోజుల ముందు వదిన కొత్తది పూర్తిచేసి, లోకానికి ఇవ్వకముందే అన్నయ్య లాప్‌టాప్‌లో పెట్టింది. పదకొండు సెకన్లలో కట్టేసింది. "దీనికి బండి వచ్చేసిందోయ్, లైసెన్సు ఇచ్చేయొచ్చు" అన్నాడు అన్నయ్య. వదిన సిగ్గుపడింది. ఎనిమిది నెలల్లో ఆవిడ మొహం తేటగా చూసింది ఆ ఒక్క పూటే. తరవాతి సోమవారం కంపెనీ దాన్ని అందరికీ విడుదల చేసింది.

బుధవారం నేను సెలవు పెట్టి వాళ్ళ ఇంటికి వెళ్ళాను. అన్నయ్య పొద్దుటి నుంచీ పడకగది తలుపు వేసుకుని బీరువాలోనే ఉన్నాడు. వదినను కూడా రానివ్వలేదు. బయటికి గొణుగుడు వినబడుతోంది గానీ మాటలు తెలియడం లేదు. నాలుగింటికి కళ్ళు ఎర్రగా చేసుకుని బయటికి వచ్చాడు.

"పట్టిక నిన్నే అయిపోయింది చెల్లీ. ఇవి నా సొంతం. నలభై ఒకటి" అన్నాడు, గొంతు బాగా అరిగిపోయి ఉంది.

"ఏమన్నారేంటి?" అని వదిన అడిగింది.

"తరవాత వింటావుగా."

"పక్కన పెట్టు" నొక్కాడు. "సరే, పక్కన పెట్టాను" అని తెర మీద వచ్చింది. లాప్‌టాప్ మూసి వదిన సంచిలో పెట్టి, చెప్పులు వేసుకున్నాడు. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చుకున్నారు.

గురువారం పొద్దున ఏడున్నరకు లోపలికి తీసుకెళ్ళారు. మేమిద్దరం బయట హాల్లో, నేలకు బిగించిన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ఎదురుగా గోడ మీద ఒక తెర. రోగుల పేర్లు ఉండవు, అంకెలే. మా అన్నయ్య పదిహేడు. పదిహేడు పక్కన "ఆపరేషన్ జరుగుతోంది" అని ఎర్రగా ఉంది. నేను నిమిషానికోసారి ఆ అంకె వైపు చూస్తున్నాను. వదిన మాత్రం వింతగా నిబ్బరంగా ఉంది. ఇక్కడ చూసుకోవలసిన అంకె ఆవిడ చేతిలో లేదు కదా, అందుకనేమో.

తొమ్మిది దాటాక ఆవిడ ఫోన్‌కు ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఎక్కడో ఎవరో వాడేవాడు రాసింది. చదివి ఫోన్ నా చేతికిచ్చింది. "నా డిస్కు నిండిపోయి ఉంది. అయినా పక్కన పెట్టానంది. ఫోల్డరు ఖాళీ, మూట కూడా ఖాళీ. మూడు వారాల పని. ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

వదిన తన లాప్‌టాప్ తీసి తాను రాసిన సి పేజీలు తెరిచింది. నాలుగైదు నిమిషాలు పట్టిందేమో. వేలు ఒక వరస మీద ఆగింది.

"మూటలో ఒక్కొక్కటీ పెట్టిన ప్రతిసారీ పట్టిందా అని అడిగాను. పట్టిందనే చెప్పింది" అంది, నాతో కాదు, ఆ వరసతో. "కానీ కంప్యూటరు అప్పటికప్పుడు డిస్కు మీద రాయదు. కొంత తన దగ్గరే అట్టిపెట్టుకుని సరే అంటుంది. ఆఖర్న మూట మూసేటప్పుడే నిజంగా రాస్తుంది. చోటు లేదని చెప్పేదీ అప్పుడే. మూసేటప్పుడు నేను అడగలేదు. మూయడంలో ఏముందిలే అనుకున్నాను."

డిస్కు నింపి కూడా పరీక్ష పెట్టిందట. అయితే ఆ పరీక్షలో డిస్కు ముందే పూర్తిగా నిండి, మూట మొదలుపెట్టడమే కుదరలేదు. సగంలో నిండితే ఏమవుతుందన్నది రెండు వందల పద్నాలుగింటిలో లేదు.

తరవాత ఆవిడ నా వైపు తిరిగింది.

"అమ్మాయ్, మీ అన్నయ్య డిస్కులో చోటెంత ఉంది?"

నాకేం తెలుసు? ఆ లాప్‌టాప్ ఆవిడ కాళ్ళ దగ్గర సంచిలోనే ఉంది. ఆవిడ దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది గానీ తెరవలేదు. "భయంగా ఉంది" అంది. "తెరువు వదినా" అన్నాను గట్టిగా. ఎదుటి వరసలో వాళ్ళు తలెత్తి చూశారు.

తెరిచింది. డిస్కు అంచుదాకా నిండి, ఫోల్డరు తుడిచిన మేరకే చోటుంది. రికార్డుల ఫోల్డరు ఖాళీ. మూటల జాబితాలో బుధవారం నాలుగింటి మూట ఒకటుంది. దాని బరువు సున్నా.

నా నోరు మంచిది కాదు. "అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు" అనేశాను. అన్న మరుక్షణం నాలుక కొరుక్కున్నాను. ఆవిడ విననట్టే లేచింది. రెండు లాప్‌టాపులూ కుర్చీలో వదిలేసి ఆపరేషన్ గది తలుపు దగ్గరికి పరుగెత్తింది. ఆవిడ పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. బయటికి వస్తున్న నర్సును ఆపింది.

"ఇంకా మొదలుపెట్టలేదేమో చూస్తారా సిస్టర్? ఒక్క పది నిమిషాలు చాలు. ఆయనచేత మాట్లాడించుకోవాలి. ఒకవేళ మొదలవకపోతే..."

"మొదలై గంటన్నర దాటిందమ్మా" అంది నర్సు, ఓపిగ్గానే. "మీరు కూర్చోండి."

ఇరవై ఏళ్ళుగా వింటున్న ఆ "ఒకవేళ"కు లోకంలో ఎక్కడా జవాబు లేకపోవడం నేను మొదటిసారి చూశాను. మనిషి బతికి వస్తే చాలని పొద్దుటి నుంచీ మొక్కుకున్న నేను, ఇప్పుడు ఆయన గొంతు కోసం కూడా భయపడుతున్నాను. ఆ గొంతు ఇక ఎక్కడా లేదు, లోపలా లేదు, ఇక్కడా లేదు.

వదిన వచ్చి కూర్చుంది. అన్నయ్య లాప్‌టాప్ మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. తరవాత, మూట విప్పాక దాని పేరు జాబితాలోంచి పోతుందే తప్ప, లోపలి సరుకును సాఫ్ట్‌వేర్ ముప్పై రోజులదాకా పారేయదని చెప్పింది. అలా రోజుకొక పాత మూట ఒక మూల పేరు లేకుండా పడి ఉంటుంది. అన్నయ్య డిస్కు నిండింది కూడా వాటివల్లే. ఇప్పుడు వాటిని వెతకాలి. ఒక్కో ఆదేశాన్ని రెండుమూడుసార్లు చెరిపి కొట్టింది. కొట్టిన ప్రతిదాన్నీ నొక్కేముందు నాకు చదివి వినిపించింది. "తప్పుంటే చెప్పు, నువ్వు ప్రూఫులు దిద్దుతావుగా" అంది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ప్రతి అక్షరం చూశాను. నా జన్మలో అంత జాగ్రత్తగా ఏదీ చదవలేదు.

పదకొండున్నరకు మంగళవారం మూట దొరికింది. విప్పింది. ఫైళ్ళు వరసగా వచ్చాయి. సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామని ఒకదాన్ని నొక్కింది. సౌండు తగ్గించడం మరిచిపోయింది.

"ఫోన్ పెట్టేయకండి, నేను యంత్రంతో మాట్లాడుతున్నాను" అన్నాడు అన్నయ్య, హాలంతా వినబడేలా. అందరూ చుట్టూ చూశారు. వదిన మూత వాల్చేసి, దాని మీద రెండు చేతులూ పెట్టి, లేవబోయే దాన్ని ఆపుతున్నట్టు అదిమి పట్టుకుంది.

పట్టికలోని వెయ్యిన్నూట ఇరవై దొరికాయి. బుధవారం నాటి నలభై ఒకటి దొరకలేదు. అవి ఏ మూటలోనూ ఎన్నడూ పడలేదు, బల్ల తుడిచినప్పుడే చెరిగిపోయాయి, ఇక వెతకడానికి చోటే లేదు.

ఆ కుర్చీలోనే కూర్చుని ఆవిడ వాడేవాళ్ళందరికీ ఒక ప్రకటన రాసింది. డిస్కులో చోటు తక్కువుంటే కొత్తది వాడొద్దనీ, మూసేటప్పుడు అడగకపోవడం తన తప్పేననీ. పెద్దాయన ఫోన్ చేసి "మా తప్పు" అని మార్చమన్నాడు. ఆవిడ మార్చలేదు. మూడు వారాల పని పోయినాయనకు కూడా పాత మూటలు వెతికే పద్ధతి రాసి పంపింది. ఆయన మూటగట్టడం అదే మొదటిసారట. వెతకడానికి పాతవి ఏమీ లేవు.

ఒంటిగంటకు పదిహేడు పక్కన ఎరుపు పోయి పచ్చరంగు వచ్చింది. డాక్టరు వచ్చి అంతా బాగా జరిగిందని చెప్పాడు. వదిన తలూపింది. మంచివార్త విన్నా భయం తగ్గని మొహం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు.

మర్నాడు మధ్యాహ్నానికి అన్నయ్యకు బాగా తెలివొచ్చింది. మెడకు గొట్టం, చేతిలో చిన్న తెల్ల పలక, దాని మీద రాసుకోవడానికి పెన్ను. మెల్లగా తరవాత చెబుదాం వదినా అన్నాను. ఆవిడ ఆగలేదు. మంచం పక్కన నిలబడే చెప్పేసింది.

"ఏమండీ, నా ప్రోగ్రాములో తప్పుంది. మీ డిస్కు నిండింది. బుధవారం చెప్పినవన్నీ పోయాయి."

అన్నయ్య "ఎన్ని" అని రాశాడు.

"నలభై ఒకటి. మిగతావి ఉన్నాయి. ఆ నలభై ఒకటే..." అంది.

మాట లేని మనిషి కోపం ఎక్కడ చూపిస్తాడో తెలియక నేను ఆయన చేతుల వైపు చూస్తున్నాను. ఆయన పలక తుడిచి, "గుర్తున్నాయి" అని రాశాడు. కాగితాలు అడిగాడు. రెండు రోజులు, కాస్త కాస్తగా, నలభై ఒకటీ రాశాడు. అవన్నీ నేను చదవలేదు, చదవవలసినవి కూడా కావు. పైన ఉన్నవి రెండుమూడు కంటబడ్డాయి. అన్నీ వదినతో మాట్లాడేవే.

ఇవి ఆ మాట్లాడే యంత్రంలోకి ఎలా ఎక్కించాలని డాక్టరమ్మను అడిగాం. యంత్రం గొంతుతో పెట్టొచ్చు, లేదా దగ్గరి మగవాళ్ళెవరైనా చదవొచ్చు అంది. అన్నయ్య రెండింటికీ తల అడ్డంగా ఊపి, వేలు వదిన వైపు చూపించాడు.

"నేనా? నాతో మీరనే మాటలు నేనే అనుకోవాలా?" అంది వదిన. "నాకు భయమండీ. వినలేను."

అన్నయ్య వేలు దించలేదు.

ఆ పై ఆదివారం ఇంట్లో వదిన ఆ కాగితాలు పట్టుకుని, అన్నయ్య చొక్కాల మధ్య నిలబడి, నలభై ఒకటీ చదివింది. నేను తలుపు బయట కూర్చున్నాను. ఒక్కో వాక్యం అయ్యాక రికార్డు మూసి, మళ్ళీ తెరిచి, ఉందా లేదా అని చూసుకోవడం వినబడుతూనే ఉంది.

ఇది జరిగి ఏడు నెలలైంది. ఆవిడ మిగతా ముప్పై ఒక్క స్క్రిప్టుల కొత్త రాతలన్నీ తెప్పించుకుని, ప్రతిదాంట్లో మూసే వరసలు వెతికింది. అడగకుండా మూసేసినవి ఇంకో నాలుగు దొరికాయి. ఇంట్లో అన్నయ్య ఆ మాట్లాడే పలకకు బాగానే అలవాటుపడ్డాడు. పాలవాడితోనూ, ఫోన్లో విద్యార్థులతోనూ తన గొంతుతోనే మాట్లాడతాడు. పెళ్ళాంతో మాట్లాడాలంటే మాత్రం ఆ గొంతు లేదు. వదిన వంటింట్లో ఉండగా ముందుగది లోంచి ఆవిడ గొంతే, కొంచెం వణుకుతూ, "ఏమోయ్, ఎక్కడున్నావ్? కాసేపు వచ్చి కూర్చో" అని పిలుస్తుంది. ప్రతిసారీ ఆవిడ ఉలిక్కిపడుతుంది. చేతిలో ఉన్నది కింద పెట్టి, తడిచెయ్యి తుడుచుకుని, "వస్తున్నానండీ" అంటుంది. పిలిచేదీ ఆవిడ గొంతే, పలికేదీ ఆవిడ గొంతే. అన్నయ్య పలక మీద వేలు అలాగే ఉంచి, గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటాడు.